బొడ్డు పక్కన సూది

కుక్క కరిచిందంటే హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, బాగ్ లింగంపల్లి జనం నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు పరుగెత్తేవాళ్లు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లనే మాట చెవిన పడితే చాలు, పిల్లలు అమ్మ కొంగు వదిలేవాళ్లు కారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా 2004 చివరికి దేశమంతటా ఆగిపోయింది. దాని భయం మాత్రం ఆ తరంలో మిగిలింది. ఆ తరమే ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటింది. వాళ్లలో కొందరికి మళ్లీ బొడ్డు పక్కనే మరో సూది అవసరం పడుతోంది.

ఇది పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకు. మాత్ర పనిచేస్తున్నంతసేపూ సుందరయ్య పార్కులో మామూలుగా నడిచే మనిషి, దాని బలం తగ్గగానే అడుగు తీసి అడుగు వేయలేరు. కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టుంటాయి, చొక్కా బొత్తం పెట్టుకోవడం కుదరదు, మాట గొంతులోనే ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు 'మందు దిగిపోయింది' అంటారు, డాక్టర్లు 'ఆఫ్' అంటారు. జబ్బు ముదిరేకొద్దీ, కదలికలను నడిపే డోపమైన్‌ను దాచుకునే మెదడు కణాలు తగ్గిపోతాయి కాబట్టి మాత్ర బలం త్వరగా అయిపోతుంది. మరో మాత్ర వేసినా కడుపు నెమ్మదించి ఉంటే అది పేగుకు చేరేసరికే ఆలస్యం. సూదిమందుకు ఆ అడ్డు లేదు. చర్మం కింద నుంచి నేరుగా రక్తంలోకి వెళుతుంది, పది ఇరవై నిమిషాల్లో మనిషి లేచి తిరుగుతారు. ఆ ఊరట గంట, గంటన్నర ఉంటుంది. ఈలోగా మాత్ర అందుకుంటుంది.

ఆ మందు పేరు అపోమార్ఫిన్. పేరులో మార్ఫిన్ ఉందని చాలామంది జంకుతారు. 1869లో లండన్‌లో మాథీసెన్, ఆల్డర్ రైట్ మార్ఫిన్‌ను ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాచి దీన్ని తీసిన మాట నిజమే. కానీ ఆ కాచడంలోనే నల్లమందు గుణం పోయింది. నొప్పి తగ్గించదు, మార్ఫిన్‌లాంటి మత్తు ఇవ్వదు. అప్పట్లో దీనికి పేరొచ్చింది వాంతి చేయించడంలో. విషం తిన్నవాళ్లకు ఇచ్చేవారు, తాగుడు మాన్పించడానికీ వాడారు. విషం తిన్న కుక్కలకు పశువైద్యులు ఇప్పటికీ ఇస్తారు. ఇలాంటి మందు వణుకుడు జబ్బుకు పనికొస్తుందని 1884లోనే ఫ్రాన్స్‌లో వెయిల్ అనే వైద్యుడు సూచించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1951లో అమెరికాలో ష్వాబ్ బృందం రోగులకు ఇచ్చి చూసింది. బిగుసుకున్న కండరాలు కాసేపు వదులయ్యాయి. 1970లో కోట్జియాస్ అనే వైద్యుడు మళ్లీ అదే చూపించాడు. అడ్డమల్లా వాంతులే.

ఆ అడ్డును తొలగించింది మన మందుల షాపుల్లో అందరికీ తెలిసిన డోమ్‌పెరిడోన్. దాన్ని జోడించి ఇవ్వవచ్చని 1979లో ఇటలీలో కోర్సిని బృందం చూపింది. 1988లో లండన్‌లో ఆండ్రూ లీస్, జెరాల్డ్ స్టెర్న్ బృందం చర్మం కింద అపోమార్ఫిన్ ఇచ్చి ఆఫ్ గంటలు తగ్గించింది. అమెరికా అనుమతి 2004లో వచ్చింది. మొదటి సూచనకూ ఆ అనుమతికీ మధ్య 120 ఏళ్లు! ఆ మధ్యకాలంలో కుర్చీలో బిగుసుకుపోయి బతికినవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

సూది మందు బయటి దేశాల నుంచి వచ్చినా, మాత్రలోని మందు కథలో మన చేలగట్ల దూలగొండి ఉంది. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పెట్టే ఆ తీగ గింజల నుంచి లెవోడోపాను 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. తెలుగు కోస్తా జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆయుర్వేదం కంపవాతానికి దూలగొండిని ఎప్పటినుంచో వాడుతోంది. ఆ లెవోడోపా పార్కిన్సన్స్‌కు నిలకడైన చికిత్సగా నిలబడింది మరో ముప్పై ఏళ్లకు, 1960ల చివర. నిలబెట్టింది ఆ కోట్జియాసే.

మన నగరం కూడా ఈ కథలో ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో నాడీ వైద్యుడు రూపం బొర్గొహైన్ ఈ ఆఫ్ సమస్య మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. సాఫినమైడ్ అనే మాత్రను 669 మంది మీద పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనం 2014లో వెలువడినప్పుడు మొదటి రచయిత పేరు ఆయనదే. అపోమార్ఫిన్ మన దేశంలో దొరకడం మాత్రం గత కొన్నేళ్లలోనే మొదలైంది.

ఇది షాపులో కొని ఇంట్లో మొదలుపెట్టే మందు కాదు. తొలి డోసు ఆస్పత్రిలో, కూర్చోబెట్టి, నిలబెట్టి బీపీ చూస్తూ ఇస్తారు. ఒక్కసారిగా బీపీ పడిపోవచ్చు, నిద్ర ముంచుకురావచ్చు. వాంతికని చాలా ఇళ్లలో ఉంచుకునే ఆన్‌డాన్సెట్రాన్‌ను దీంతో కలపనే కూడదు. డోసు కుదిరాక పెన్నులాంటి సూదితో భార్యో, కొడుకో ఇవ్వడం నేర్చుకోవచ్చు. షుగరు మందు ఇన్సులిన్‌ను పొట్టకు వేసుకునే ఇళ్లకు ఈ పని కొత్తేమీ కాదు.

మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్న పెద్దలుంటే ఒక నోటుబుక్కు పెట్టండి. మాత్ర ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి పట్టింది, ఎన్నింటికి దిగిపోయింది, వారం రోజులు రాయండి. దాన్ని నాడీ వైద్యుడి ముందు పెట్టి, ఈ సూది మా నాన్నకు సరిపోతుందా అని అడగండి.