కాగితాల మీద తవ్విన బంగారం

ఉత్తుత్తి గనుల షేర్లను పత్రికా ప్రకటనలతో దేశమంతా అమ్మొచ్చని అమెరికాకు చూపించినవాడు జార్జ్ గ్రాహం రైస్. 1870లో న్యూయార్క్‌లో పుట్టినప్పుడు పేరు జేకబ్ సైమన్ హెర్జిగ్. కుర్రవయసులో దొంగతనానికి ఒకసారి, ఫోర్జరీకి మరోసారి జైలుకెళ్లాడు. కొత్త పేరు అక్కడ ఎరువు తెచ్చుకున్నదే.

కిటుకు మాత్రం గుర్రప్పందాల్లో దొరికింది. 1901లో జేబులో మిగిలిన ఏడు డాలర్ల చిల్లరతో, ఫలానా గుర్రం గెలుస్తుందని పత్రికలో ప్రకటన వేయించానని తనే చెప్పుకున్నాడు. గుర్రం గెలిచింది. ఆ తర్వాత జోస్యాలు కొనడానికి జనం ఎగబడ్డారు. గుర్రం తనది కాదు, పందెం సొమ్మూ తనది కాదు. నమ్మకంగా రాసిన నాలుగు వాక్యాలకే డబ్బు వస్తోంది!

1904లో నెవాడా ఎడారి చేరాడు. అక్కడి గోల్డ్‌ఫీల్డ్‌లో నిజంగానే బంగారం పడింది. మోహాక్ గని షేరు సెంట్ల నుంచి డాలర్లలోకి పాకింది. మోసానికి కావలసిన బలం ఆ నిజమే ఇచ్చింది. పక్కనున్న రాళ్ల నేలలో ఒక ముక్క పట్టుకుని, పది లక్షల షేర్లతో కంపెనీ పెట్టి, ఒక్కోటి కొన్ని సెంట్లకు అమ్మితే చాలు. ఆ ధర చూస్తే నాకు కడుపు రగులుతుంది. నెలజీతం మీద బతికే గుమాస్తా కూడా కొనగలిగేంత చవక కనుకే ఆ కాగితం అంత దూరం పోయింది.

గనికి గిరాకీ తేవాలంటే ముందు ఊరికి పేరు తేవాలి. రాహైడ్ అనే మారుమూల గనుల శిబిరానికి 1908లో ప్రసిద్ధ నవలా రచయిత్రి ఎలినార్ గ్లిన్‌ను రప్పించాడు. ఆమె కళ్లముందు పేకాట, తగాదా, తుపాకీ కాల్పులు, అంతా ముందే కూర్చిన నాటకం. తంతివార్తలు దేశమంతా పాకాయి. పత్రికలు పైసా తీసుకోకుండా రాహైడ్ పేరు మోశాయి. రైస్ అసలు ఆవిష్కరణ ఇదేనని నా అభిప్రాయం: డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన కన్నా ఊరికే పుట్టినట్టు కనిపించే వార్తనే జనం నమ్ముతారు.

అతని ఎరలో పడింది అమాయకులే అనుకుంటాం. కానీ తనకు అన్నీ తెలుసనుకునే మనిషే తన అసలు ఖాతాదారని 1913లో వచ్చిన తన పుస్తకంలో అతనే చెప్పుకున్నాడు. అప్పటికే 1910లో ఫెడరల్ అధికారులు అతని షెఫ్టల్స్ బ్రోకరేజీ మీద దాడి చేశారు. 1912లో నేరం ఒప్పుకుని ఏడాది శిక్ష అనుభవించాడు. బుద్ధి మారలేదు. ఐడహో కాపర్ షేర్ల కేసులో 1928లో నాలుగేళ్లు పడింది.

ఈలోగా అడ్డుకట్టలు మొదలయ్యాయి. ఇలాంటి షేర్ల అమ్మకందార్లతో విసిగిన కాన్సస్ బ్యాంకింగ్ కమిషనర్ డాలీ పట్టుబట్టగా, 1911లో ఆ రాష్ట్రం అనుమతి లేకుండా షేర్లు అమ్మకూడదంది. ఒట్టి ఆకాశాన్ని అమ్ముతున్నారన్న అర్థంతో దాన్ని నీలాకాశ చట్టం అన్నారు. దేశమంతటికీ చట్టం రావడానికి 1929 షేర్ మార్కెట్ పతనం జరగాల్సి వచ్చింది. 1933లో వచ్చిన ఆ చట్టం గని మంచిదా కాదా అని తేల్చదు. షేర్లు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయి, జనం ఇచ్చే డబ్బు దేనికి ఖర్చవుతుంది, అమ్మిపెట్టేవాడికి ఎంత ముడుతుంది, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టమంటుంది.