చిత్రగ్రీవుని కన్న ప్రవాసి: ధనగోపాల్ ముఖర్జీ

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారిలో చిత్రగ్రీవుని పేరు వినని వారు అరుదు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’లో, వేటగాని వలలో చిక్కిన పరివారాన్ని వలతో సహా ఆకాశానికి ఎగరజేసిన కపోతరాజు అతడే. అదే పేరుగల మరొక పావురం 1927లో అమెరికాలో, ఆంగ్ల భాషలో రెక్కలు విప్పింది. ఆ పుస్తకం పేరు ‘గే నెక్’, అనగా రంగురంగుల మెడ గలది అని అర్థం. చిత్రగ్రీవ శబ్దానికి అది ఆంగ్లానువాదమే. దానిని రచించినవాడు ధనగోపాల్ ముఖర్జీ అనే వంగీయుడు. పరదేశానికి వలసపోయి, అక్కడి బాలబాలికలకు, కౌమార వయస్కులకు కథకుడైన ఈ మహనీయుని చరిత్ర, తరతరాలుగా తెలుగునాటికి వెలుపల జీవిస్తున్న మనవంటి వారికి తెలియదగినది.

ధనగోపాల్ 1890 జూలై 6న కలకత్తా సమీపంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. దేవాలయ అర్చకత్వం ఆ ఇంటి సంప్రదాయం. తల్లి నోట రామాయణ భారత కథలు వింటూ పెరిగాడు. పౌరోహిత్యానికి తగిన శిక్షణ పొంది, కొంతకాలం సన్న్యాసివలె దేశసంచారం కూడా చేశాడు. అన్న యదుగోపాల్ ముఖర్జీ వంగ విప్లవోద్యమంలో ప్రముఖుడు. తమ్ముడు మాత్రం పారిశ్రామిక విద్య నేర్వగోరి జపాను వెళ్లాడు. యంత్రాల నడుమ మనిషి కూడా యంత్రమైపోవడం ఆయన మనస్సుకు రుచించలేదు. అక్కడినుండి ఓడ ఎక్కి 1910లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్లు.

ఆ తరువాతి బతుకు వలసవచ్చిన బీద విద్యార్థులందరికీ తెలిసిన బతుకే. కాలిఫోర్నియా పొలాలలో కూలిపని చేశాడు. పరుల ఇండ్లలో అంట్లు తోమాడు. ఆ కష్టార్జితంతోనే బర్కిలీలోని విశ్వవిద్యాలయంలో చదివి, 1914లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంనుండి పట్టభద్రుడయ్యాడు. మొదట కవిత్వం వ్రాశాడు. 1918లో ఎథెల్ రే డుగన్ అనే అమెరికన్ యువతిని వివాహమాడాడు. ఉపన్యాసాలు ఇస్తూ, కలం పట్టుకొని జీవించడానికి నిశ్చయించుకున్నాడు.

1922లో ఆయన ‘కారి ది ఎలిఫెంట్’ అనే ఏనుగుపిల్ల కథ అచ్చయింది. మరుసటి సంవత్సరం ‘కాస్ట్ అండ్ ఔట్‌కాస్ట్’ అనే ఆత్మకథ వచ్చింది. అందులో పూర్వార్ధం భారతదేశపు బాల్యం, ఉత్తరార్ధం అమెరికాలోని కూలి జీవితం. ‘హరి’, ‘ఘోండ్’ మొదలైన అడవి కథలు, రామాయణాన్ని బాలలకు చెప్పే గ్రంథం, రామకృష్ణ పరమహంసను గూర్చిన ‘ది ఫేస్ ఆఫ్ సైలెన్స్’ తరువాత వెలువడ్డాయి. ఫ్రెంచి మహారచయిత రోమా రోలాఁ దృష్టిని పరమహంస వైపు మళ్లించినది ఈ చివరి గ్రంథమే.

‘గే నెక్’ కథాకథకుడు కలకత్తాలో పావురాలను పెంచే ఒక బాలుడు. అతడు చిత్రగ్రీవుని పెంచి, ఎగరడం నేర్పి, ఘోండ్ అనే వృద్ధ వేటగానితో కలసి హిమాలయాలకు తీసుకొనిపోతాడు. డేగలు, తుపానులు ఆ పక్షిని పరీక్షిస్తాయి. అనంతరం మొదటి ప్రపంచయుద్ధం వస్తుంది. భారతీయ సైన్యంతోపాటు ఫ్రాన్సు యుద్ధభూమికి పోయి, గుండ్ల వర్షంలో వార్తలు మోసి, గాయపడి తిరిగివస్తుంది. రెక్క నయమైనా మనస్సులోని భయం నయం కాదు, అది ఎగరలేదు. హిమాలయాలలోని బౌద్ధ విహారంలో ఒక లామా శాంతబోధవల్ల పక్షి, వేటగాడు ఇద్దరూ ఆ భయంనుండి విముక్తులవుతారు. ధైర్యమంటే భయం ఎరుగకపోవడం కాదనీ, దానిని ప్రేమతో, ధ్యానంతో జయించడమనీ బాలునికి అర్థమయ్యే రీతిలో చెప్పిన కథ ఇది. నీతి వాక్యం కంటే ముందు పక్షి రెక్కల చప్పుడు వినిపించడమే ఇందలి గొప్పతనం.

ఈ గ్రంథానికి 1928లో న్యూబెరీ పతకం లభించింది. అమెరికాలోని గ్రంథాలయ సంఘం బాలసాహిత్యానికి ఇచ్చే అత్యున్నత గౌరవం అది. 1922లో మొట్టమొదటి పతకం పొందిన వాన్ లూన్ కూడా హాలండ్ దేశంనుండి వచ్చిన ప్రవాసియే. ధనగోపాల్ కథకు బొమ్మలు గీసిన బోరిస్ ఆర్ట్జిబాషెఫ్ రష్యా సామ్రాజ్యంనుండి వచ్చినవాడు. ఆ దేశపు పిల్లల పుస్తకాల అరను పరదేశీయులు ఎంతగా నింపారో దీనినిబట్టి గ్రహించవచ్చు.

అయితే పుస్తకాల అర స్వాగతించినట్లు చట్టం స్వాగతించలేదు. 1917నాటి వలస చట్టం భారతీయుల రాకనే నిషేధించింది. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీయుని అభియోగంలో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని ఆ దేశ సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలోనే పనిచేసిన వ్యక్తికి దక్కిన తీర్పు ఇది. ఆ తీర్పు వచ్చిన అయిదేండ్లకు ధనగోపాల్‌కు పతకం వచ్చింది. తమ పిల్లలకు కథలు చెప్పడానికి అర్హుడైనవాడు తమలో ఒకడుగా ఉండడానికి అనర్హుడయ్యాడు. అంతేకాదు, కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’ అనే పుస్తకంలో మన దేశాన్ని నిందించినప్పుడు, అదే 1928లో, ఆయన ప్రత్యుత్తర గ్రంథం వ్రాసి మాతృదేశం పక్షాన నిలిచాడు.

కీర్తి ఆయన మనోవేదనను మాన్పలేకపోయింది. 1936 జూలై 14న, నలుబది ఆరేళ్ల వయస్సులో, న్యూయార్కులో ఆయన తన ప్రాణాన్ని తానే తీసుకున్నాడు. ఒక మనిషి అంతరంగాన్ని ఎవరూ పూర్తిగా చదవలేరు గనుక కారణాలను ఊహించడం మర్యాద కాదు. భారతీయులకు అమెరికా పౌరసత్వ ద్వారం తెరిచిన చట్టం 1946 జూలైలో, సరిగా పదేండ్ల తరువాత వచ్చింది.

ఈ చరిత్రనుండి మన విద్యార్థులు గ్రహించవలసినదేమి? పరభాష నేర్వవద్దని ధనగోపాల్ చెప్పలేదు. ఆయన వ్రాసినది ఆంగ్లంలోనే, అదీ ఆ భాషీయులు మెచ్చునట్లు. కాని ఆ భాషలో చెప్పిన కథ మాత్రం తల్లి ఒడిలో విన్నది, కలకత్తా మేడలపై చూసినది. ఆ పెట్టుబడి లేకున్న ఎంత చక్కని ఆంగ్లమైనా చెప్పుకొనడానికి కథ లేనిదై ఉండేది.

ఇంట తెలుగు, వీధిలో రాష్ట్రభాష, కార్యాలయంలో ఆంగ్లం – ఈ మూడింటి నడుమ మన పిల్లలు నిత్యం వలసపోతూనే ఉన్నారు. తెలుగు మాధ్యమం వలన భవిష్యత్తుకు భంగం కలుగునేమోనని జంకే తల్లిదండ్రులు నేడు ఎందరో. వారి భయం అర్థం చేసుకోదగినదే. అయినా పిల్లవానికి చిత్రగ్రీవుని పరిచయం చేసిన పిమ్మట అతడు ఏ ఆకాశానికి ఎగిరినా నష్టం లేదు. పరిచయం చేయకుండా పంపడమే నష్టం. మరొక బాధ్యత కూడా ఉంది. దూరతీరాలకు పోయినవారి విజయాలకు చప్పట్లు కొట్టడంతో సరిపెట్టక, వారి ఒంటరితనాన్ని కూడా విచారించే బంధువర్గంగా మనం మెలగాలి. డెబ్బది అయిదేండ్లుగా అట్టి బంధువర్గాన్ని కూర్చిన ఈ పాఠశాల, ఇకముందు కూడా ఆ పని మానకుండుగాక.