గుంటూరుసీమ కవిలెలు: ప్రతులు, ఛాయాచిత్రములు

గుంటూరుసీమ గ్రామచరిత్రములను పరిశీలించువారికి దండకవిలె యను పేరు క్రొత్తది కాదు. కరణములు తమ యూరి భూములను, మాన్యములను, దేవాలయములను, పాలించిన రాజులను గూర్చి తాళపత్రములపై వ్రాసి తరతరములుగా దాఁచిన లెక్కలకే కవిలెలని పేరు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) సేకరింపించిన ఈ సీమ కైఫీయతులలో పెక్కింటికి మూలములివియే. ఆ మూలములలో నధికభాగము నేఁడు మనకు లభించుట లేదు. కైఫీయతులు మాత్రము నిలిచినవి.

అవియు సులభముగా నిలువలేదు. మెకంజీ మరణానంతరము ఆ కాగితములు చీకిపోవుచుండఁగా చార్లెసు ఫిలిప్పు బ్రౌను వానికి మరల ప్రతులు వ్రాయించెను. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునఁగల ‘లోకల్ రికార్డ్సు’ అను 62 సంపుటములు ఆ ప్రయత్నమునకు ఫలము. బ్రౌనునకు మనము పడిన ఋణము చిన్నది కాదు. అయినను ప్రతి యనునది మూలము యొక్క పాఠమే కాక, లేఖకుఁడు దానిని చదివిన తీరు కూడ. ఆకునుండి కైఫీయతునకు, కైఫీయతునుండి బ్రౌను ప్రతికి, ప్రతినుండి అచ్చునకు వచ్చునప్పటికి విషయము మూఁడు చేతులు మాఱినది. తెలుగంకెలలో ౨కును ౩కును గల భేదము ఒక్క మెలిక మాత్రమే. శకవర్షమున దశకస్థానమందు ఆ పొరపాటు దొరలెనా, దానశాసనము పదియేండ్లు జరుగును. శతకస్థానమందైనచో రాజవంశమే మాఱిపోవును. మూలము లేనప్పుడు తీర్పు చెప్పువారెవరు?

ఛాయాచిత్రము ఈ లోపమును తీర్చునందురు. కొంతవఱకు నిజమే. నేఁటి పల్నాడు జిల్లాలోని అమరావతీస్తూపపు శిలలను వాల్టరు ఇలియటు 1845లో త్రవ్వించెను. అవి మదరాసు చేరిన పిదప లీనియసు ట్రైపు అను సైనికోద్యోగి 1858లో వానికి ఛాయాచిత్రములు తీసెను. తరువాత వానిలోఁ బెక్కు శిలలు లండను చేరినవి. చెక్కడపుఁ బని ఆ చిత్రములలో చక్కఁగా గన్పట్టును. కాని ఏ శిల స్తూపమున కే దిక్కున నుండెనో అవి చెప్పఁజాలవు. అందులకు మెకంజీ 1816 మొదలుకొని వ్రాయించిన పటములనే యాశ్రయింపవలెను. కట్టనుండి విడఁదీసి తీసిన కవిలెయాకు చిత్రమును నిట్టిదే. ఏ యూరి కట్టయో, ఎన్నవ యాకో, ముందువైపో వెనుకవైపో తెలియనిచో నక్షరములు స్పష్టముగా నున్నను సాక్ష్యము సగమే.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణముల పదవులను రద్దు చేసిన పిదప ఇండ్ల అటకలపై మిగిలిన కట్టలకు పరిశోధకుని చేతిలోని ఫోనే లేఖకుఁడైనది. కట్టను విప్పకమునుపే పైపలకతోఁ గూడ నొక చిత్రము తీయుట మంచిది. త్రాటిని లాగరాదు. ప్రతి చిత్రమునందును ఆకు సంఖ్యయు, కొలబద్దయు నుండవలెను. మిరపకాయలు తూచిన చేతులతో ఆకును ముట్టరాదని వేఱ చెప్పనేల? కాగితపు సంపుటములైనచో పూర్తిగా తెఱవక, రెండు దూదిదిండ్ల నడుమ సగము తెఱచి యుంచిన చాలును. ప్రత్తిసీమలో దూదికి కొదువ లేదు గదా!

గంటపు గీఁతలు మాత్రమే యుండి మసి నిలువని యాకులను చదువుటకు కొందఱు బొగ్గుపొడిని, నూనెను రుద్దుదురు. ఆరోగ్యముగా నున్న ఆకునకు మసియు నిమ్మగడ్డినూనెయు పూర్వులు వాడినవే. పెళుసెక్కిన యాకునకు ఆ చికిత్స నెఱిఁగినవారే చేయవలెను. చదువుటకే యైనచో అంతపని యక్కరలేదు. ఆకును కదపక, వెలుతురును ప్రక్కనుండి ఏటవాలుగాఁ బడనిచ్చినచో గీఁతలలో నీడలు నిలిచి యక్షరములు తామే లేచును. ఫ్లాషు వెలుతురు ఎదురుగాఁ బడి ఆ నీడలనే చెఱచును.

ఈ సంగతి నేను ఆలస్యముగా నేర్చితిని. నరసరావుపేట ప్రాంతపు పల్లెలో ఒక యింట, వంగియున్న ఆకును చదునుచేయఁగోరి వ్రేలితో నొక్కితిని. అంచు విఱిగినది. మాన్యపు కొలఁతకు ముందుండిన రెండంకెలు ఆ ముక్కలోనివి. అది నలిగి పొడియైనది. ఆ యింటి పెద్దవారు ఏమియు ననక, మిగిలిన పొట్టును కాగితములోఁ జుట్టి ఆ కట్టలోనే యుంచిరి. నా చిత్రమున ఆ చోట ఖాళీ కలదు. ఆ మాన్యమెన్ని కుచ్చెళ్లో నేను వ్రాయలేదు.