లబ్ధసూత్రం నడిచిన దారి

1675 నవంబరు 11వ తేదీన లైబ్నిట్జ్ తన చిత్తుకాగితాలలో ఒక ప్రశ్న వేసుకొన్నాడు. రెండు రాశుల లబ్ధానికి అవకలనం, వాటి అవకలనాల లబ్ధమే అగునా? కాదని అక్కడే తేల్చుకొన్నాడు. పదిరోజులకు సరియైన సూత్రం దొరికింది: ఒక్కొక్కదాని అవకలనాన్ని రెండవదానితో గుణించి, ఆ రెంటినీ కూడవలెను. కలనగణితం మొదలుపెట్టిన విద్యార్థి నేటికీ ఈ పొరపాటే చేస్తూ ఉంటాడు. ఉపాధ్యాయులు కోపగించే ముందు లైబ్నిట్జ్‌ను తలచుకొనుట మంచిది.

ఈ సూత్రం రెండున్నర శతాబ్దాల తరువాత వేరొక భావంతో కలిసింది. ఆ భావం పుట్టిన చోటు సంఖ్యాశాస్త్రం. పూర్ణాంకాలు ప్రధాన సంఖ్యలుగా ఒకే విధంగా విడిపోతాయని మనమెరుగుదుము. √−5 ను చేర్చుకొంటే ఈ భరోసా పోతుంది: 6 = 2×3; 6 = (1+√−5)(1−√−5) కూడ. ఈ నాలుగింటిలో దేనినీ ఇంకా విడగొట్టలేము. ఇట్టి చిక్కుకు విరుగుడుగా కుమ్మర్ 1840 దశకంలో ‘ఆదర్శ సంఖ్యల’ను ఊహించినాడు. 1871లో డెడెకిండ్ సంఖ్యకు బదులు సంఖ్యల గుంపునే తీసికొని, దానికి ఆదర్శం అని పేరు పెట్టినాడు. సరిసంఖ్యలు చూడండి: రెంటిని కూడినా, ఒకదానిని ఏ పూర్ణాంకంతో గుణించినా వచ్చేది సరిసంఖ్యయే. అదీ ఆదర్శ లక్షణం. లబ్ధం గుంపులో ఉన్నప్పుడెల్లా గుణకాలలో ఒకటైనా గుంపులో ఉంటే అది ప్రధాన ఆదర్శం. సరిసంఖ్యల గుంపు అట్టిదే. 6 గుణిజాల గుంపు కాదు. 2×3 అందులో ఉన్నది గాని, 2 లేదు, 3 లేదు.

కూడిక, తీసివేత, గుణకారం సాగే రాశుల సముదాయాన్ని వలయం అంటారు. ఆదర్శాలను ప్రధాన ఆదర్శాల ఆధారంగా విడగొట్టే పద్ధతిని 1921లో ఎమ్మీ నోథర్ విస్తారమైన వలయాలకు స్థాపించింది.

1932లో అమెరికాలో రిట్ అవకలన సమీకరణాలను బీజగణిత దృష్టితో పరిశీలిస్తూ ఒక గ్రంథం ప్రకటించినాడు. అవధుల ప్రసక్తి లేకుండా, లబ్ధసూత్రాన్ని పాటించే క్రియగానే అవకలనాన్ని తీసికొనవచ్చును. సమీకరణాల సముదాయం ఒక ఆదర్శమౌతుంది. అవకలనం చేసినా అది తనలోనే ఉంటుంది. ఐతే దానిని విడగొట్టగా వచ్చే ప్రధాన ఆదర్శాలు కూడ అట్లే నిలుస్తాయా? నిలవకపోతే ఆ ముక్కలకు అవకలన సమీకరణాలతో సంబంధమే తెగిపోతుంది.

వలయంలో భిన్నాలన్నీ ఉంటే నిలుస్తాయని, నోథర్ పద్ధతి చెల్లే వలయాలకు సైడెన్‌బర్గ్ 1967లో నిరూపించినాడు. భిన్నాల షరతు అలంకారానికి పెట్టినది కాదు. 1+1=0 అయ్యే అంకగణితంలో య² గుణిజాలు తీసికొనండి. య² కు అవకలనం 2య, అనగా సున్న. కాబట్టి ఆ ఆదర్శం చెదరదు. దానిని కప్పి ఉన్న ప్రధాన ఆదర్శం య గుణిజాలు. య కు అవకలనం 1, అది వెంటనే బయటపడుతుంది!

దీనికి మందు 1937లోనే హాస్సే, ఎఫ్.కె. ష్మిట్ చూపిన ఉన్నత అవకలనాలలో ఉన్నది. (య+త)² ను విస్తరిస్తే య²+2యత+త². మధ్య పదం సున్న అయినా, త² గుణకం 1 మిగులుతుంది. ఆ గుణకాన్ని కూడ లెక్కలోకి తీసికొంటే య² గుణిజాల గుంపు మొదటనే చెదురుతుంది.