రహీంగారి రక్షణ పంక్తి

చార్మినారు నగరపు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఏటేటా రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. అయినను వారి శిక్షణలోనే 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియాకు 10-1తో లోబడినది. పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఇద్దరు బ్యాకులను దాటినచో ప్రత్యర్థికి గోల్‌కీపరు తప్ప అడ్డు లేదు. గోల్‌కీపరును నిందించుట సులభమే గాని, లోపము వ్యూహములోనిదని మా తలంపు.

పిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. రహీంగారు మూడవ బ్యాకును, తరువాత 4-2-4 పద్ధతిని నమ్మిరి. 1956లో మెల్‌బోర్న్‌కు మన నగరపు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వెళ్లిరి. మరల యుగోస్లావియాయే ఎదురైనది; ఈసారి ఓటమి 4-1, స్థానము నాలుగవది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో ఆసియా క్రీడల స్వర్ణము దక్కినది. మరుసటి యేడే రహీంగారు కన్నుమూసిరి.