ఒక్క పౌండుకు కొన్న పతనం: కోర్ట్ లైన్ కథ

1974 ఆగస్టు 15న బ్రిటన్‌లో కోర్ట్ లైన్ సంస్థ చేతులెత్తేసింది. వేసవి సెలవులు జోరుగా నడుస్తున్న రోజులవి. ఆ సంస్థను నమ్ముకుని మధ్యధరా తీరాలకు వెళ్లిన బ్రిటిష్ ప్రయాణికులు పదుల వేల సంఖ్యలో హోటళ్లలో ఉన్నారు. తిరిగి వెళ్లడానికి విమానం లేదు. డబ్బు కట్టి ఇంకా బయలుదేరనివాళ్లు మరో లక్ష మంది దాకా ఉన్నారు. అంతకు ఏడు వారాల ముందే, ఈ వేసవి బుకింగులకు ఢోకా లేదన్న భరోసా సాక్షాత్తూ పార్లమెంటులో ప్రభుత్వం నుంచి వచ్చింది.

ఒక విహారయాత్రల విమాన సంస్థ కూలితే ఇన్ని ఇళ్లు ఎందుకు కుదేలయ్యాయో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా విమానాలు చవగ్గా దొరికేవి. వాటిని నడిపే పైలట్లకూ కొదవ లేదు. 1950 మేలో వ్లాదిమిర్ రైట్జ్ అనే మాజీ పాత్రికేయుడు అలాంటి డకోటా ఒకటి మాట్లాడుకుని, కోర్సికా ద్వీపంలోని కాల్వీకి మనుషుల్ని తీసుకెళ్లాడు. విమానం, గుడారంలో బస, రెండు పూటలా మాంసంతో భోజనం, అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. బ్రిటన్‌లో ఇంకా రేషన్ నడుస్తున్న కాలంలో ఆ భోజనమే ఒక ఆకర్షణ. ప్రభుత్వం మాత్రం ఉపాధ్యాయులను, విద్యార్థులను తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదని షరతు పెట్టింది. రైట్జ్ పెట్టిన ఆ సంస్థ పేరు హొరైజన్.

చార్టర్ వ్యాపారానికి బలమంతా సీట్ల లెక్కలోనే ఉంది. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే విమానం సగం ఖాళీగా ఉన్నా వేళకు ఎగరాల్సిందే. చార్టర్‌లో టూర్ల కంపెనీ సీజను మొత్తానికి విమానాన్ని మాట్లాడుకుని, హోటలుతో కలిపి సీట్లు అమ్ముతుంది. దాదాపు ప్రతి సీటూ నిండుతుంది, విమానం రాత్రీ పగలూ తిరుగుతుంది, ఖర్చు తలా కొంచెం పడుతుంది. ఈ చవక ధర ప్రభుత్వ విమాన సంస్థలను దెబ్బతీస్తుందని బ్రిటన్ ఒక అడ్డుకట్ట వేసింది: టూరు మొత్తం ధర ఆ చోటుకి వెళ్లిరావడానికయ్యే మామూలు విమాన చార్జీ కంటే తక్కువ ఉండకూడదు. 1970ల మొదట్లో ఈ నిబంధన శీతాకాలపు టూర్లతో మొదలై సడలిపోయింది. 1966 నుంచి 1970 దాకా విదేశీ ప్రయాణానికి మనిషి తీసుకెళ్లగల డబ్బుపై 50 పౌండ్ల పరిమితి ఉన్నా, ప్యాకేజీ టూర్లు దాన్ని ఎలాగో దాటుకొచ్చాయి. గనుల్లో, మిల్లుల్లో, కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు జీవితంలో మొదటిసారి స్పెయిన్ ఎండ చూశారు. దాన్ని చిన్నబుచ్చి మాట్లాడే చరిత్రకారులున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. అప్పటిదాకా డబ్బున్నవాళ్ల సొత్తుగా ఉన్న సముద్ర తీరం కూలీలకూ అందడం ఆ శతాబ్దపు మంచి మార్పుల్లో ఒకటి.

లండన్‌కు ఉత్తరాన ఉన్న లూటన్ ఈ వ్యాపారానికి కేంద్రమైంది. అక్కడ ఆటేర్ అనే చిన్న విమాన సంస్థ ఉండేది. కోర్ట్ లైన్ అనే పాత నౌకా రవాణా కంపెనీ 1965లో దాన్ని కొంది. 1969లో ఆటేర్ దేశీయ సర్వీసులు మానేసి చార్టర్ల మీదే నిలబడింది. 1970 మొదటి రోజున పేరు కోర్ట్ లైన్ ఏవియేషన్‌గా మారింది.

ఆ తర్వాతి నాలుగేళ్లు రంగులమయం. ఒక్కో బీఏసీ వన్-ఇలెవెన్ జెట్‌కు ఒక్కో రంగు: గులాబీ, నారింజ, ఊదా, నీలిపచ్చ. విమానాల పేర్లన్నీ ‘హాల్సియన్’ అనే మాటతో మొదలయ్యేవి. ఎయిర్ హోస్టెస్‌ల దుస్తులు ఫ్యాషన్ డిజైనర్ మేరీ క్వాంట్ రూపొందించింది. వంటగదులు చిన్నవి చేసి సీట్లు పెంచడానికి, భోజనం పళ్లేలను ముందు సీటు వెనకాలే అమర్చిపెట్టేవారు. 1973లో రెండు లాక్‌హీడ్ ట్రైస్టార్లు వచ్చాయి. ఒక్కోదానిలో 400 సీట్లు. యూరప్‌లో ట్రైస్టార్ నడిపిన మొదటి సంస్థ కోర్ట్ లైనే. ప్రభుత్వాల అండ ఉన్న పెద్ద సంస్థలకంటే ముందే లూటన్‌లోని సెలవుల కంపెనీ ఆ విమానం తెచ్చిందంటే దాని ఆశ ఎంతటిదో ఊహించవచ్చు. కరీబియన్‌లో హోటళ్లు, లియాట్ అనే ద్వీపాల విమాన సంస్థలో మెజారిటీ వాటా కూడా అప్పటికే కొని ఉంది.

400 సీట్ల విమానం కొనడం తేలిక, వారం వారం నింపడం కష్టం. కోర్ట్ లైన్ సీట్లలో పెద్ద భాగం కొనేది క్లార్క్‌సన్స్ అనే టూర్ల సంస్థ. టామ్ గలిక్ నడిపిన రోజుల్లో క్లార్క్‌సన్స్ ధరలు తగ్గించి, జనాన్ని పెంచి దేశంలోనే అతిపెద్ద టూర్ల సంస్థగా ఎదిగింది. పోటీ ముదిరేకొద్దీ ధర ఖర్చుకంటే కిందికి జారింది. ఎంత ఎక్కువ మందిని పంపితే అంత నష్టం వచ్చే స్థితికి చేరింది. క్లార్క్‌సన్స్ మూతపడితే కోర్ట్ లైన్ విమానాలు నేలమీదే ఉండాలి. అందుకే 1973 వసంతంలో కోర్ట్ లైన్ దాన్ని పేరుకు ఒక్క పౌండు ఇచ్చి కొనేసింది. కొన్నది నిజానికి ఆ సంస్థ నష్టాలను. నా దృష్టిలో ఈ కథలో మలుపు ఇదే. విమాన సంస్థ తన ఖాతాదారును బతికించడానికి తన ప్రాణమే పణంగా పెట్టింది.

అదే ఏడాది అక్టోబరులో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. కొద్ది నెలల్లో చమురు ధర నాలుగింతలైంది. పౌండు విలువ పడిపోయింది. బ్రిటన్‌లో ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే పనిచేశాయి. జనవరిలో టూర్ బ్రోచర్లు తిరగేసే కుటుంబాలు ఆ ఏడాది చేయి ముడుచుకున్నాయి. అయినా 1974 మొదట్లో కోర్ట్ లైన్ రైట్జ్ స్థాపించిన హొరైజన్‌ను కూడా తన కిందికి తెచ్చుకుంది.

ఈ వ్యాపారంలో ఒక ప్రమాదకరమైన సుఖం ఉంది. అడ్వాన్సులు చలికాలంలో వస్తాయి, హోటళ్ల బిల్లులు వేసవి చివర కట్టాలి. మధ్యలో చేతిలో ఆడే డబ్బు లాభంలాగే కనిపిస్తుంది. కొత్త సభ్యుల డబ్బుతో పాత సభ్యులకు పాట ఇచ్చే చిట్టీ వ్యాపారి ఎలా నడుస్తాడో, నష్టాల్లో ఉన్న టూర్ల సంస్థా అలాగే నడుస్తుంది. బుకింగులు తగ్గిన మొదటి ఏడాదే గుట్టు బయటపడుతుంది.

కోర్ట్ లైన్‌కు ఓడల నిర్మాణ కేంద్రాలూ ఉండేవి. జూన్ 26న పరిశ్రమల మంత్రి టోనీ బెన్ వాటిని ప్రభుత్వం కొంటుందని ప్రకటిస్తూ, దీనితో సెలవుల వ్యాపారం కూడా కుదుటపడుతుందన్నట్టు చెప్పారు. ఆ మాట విని జనం మిగతా సొమ్ము కట్టారు. తర్వాత పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ విచారణ జరిపి ప్రభుత్వ ప్రకటనను తప్పుబట్టారు. విదేశాల్లో చిక్కుకున్నవారిని టూర్ల సంస్థలు ముందే కట్టి ఉంచిన పూచీ సొమ్ముతో వేరే విమానాల్లో ఇంటికి చేర్చారు. ఇంకా బయలుదేరనివాళ్లకు ఇవ్వడానికి ఆ సొమ్ము చాలలేదు. వాళ్ల కోసమే 1975లో చట్టం చేసి, ప్రభుత్వ అప్పుతో ఒక నిధి పెట్టి, ఆ అప్పును టూర్ల ధరపై చిన్న సుంకంతో తీర్చారు. రెండు ట్రైస్టార్లు చివరకు హాంకాంగ్‌లోని క్యాథే పసిఫిక్‌కు చేరాయి. లియాట్‌ను కరీబియన్ ప్రభుత్వాలు తీసుకున్నాయి. ఉద్యోగులు మాత్రం ఒక్కరోజులో రోడ్డున పడ్డారు.

తర్వాతి వరుస చూస్తే గుండె బరువెక్కుతుంది. చార్టర్లతో మొదలై అట్లాంటిక్ మీద చవక సర్వీసు నడిపిన లేకర్ ఎయిర్‌వేస్ 1982 ఫిబ్రవరిలో పడిపోయింది. ఎయిర్ యూరప్ 1991 మార్చిలో, గల్ఫ్ యుద్ధం దెబ్బతో. డాన్-ఎయిర్‌ను 1992లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కొన్న ధర కూడా ఒక్క పౌండే. లూటన్‌లోనే పుట్టి 1968లో ఎగిరిన మోనార్క్ 2017 అక్టోబరు 2న ఆగినప్పుడు లక్షకు పైగా జనం విదేశాల్లో ఉన్నారు. 1841 నాటి పేరున్న థామస్ కుక్ 2019 సెప్టెంబరు 23న మూతపడితే దాదాపు లక్షన్నర మందిని ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. మన దేశంలోని థామస్ కుక్ ఇండియా అప్పటికే వేరే యాజమాన్యంలో ఉండటంతో దానికి ఆ దెబ్బ తగల్లేదు. కారణాలు వేరు వేరు: చమురు, యుద్ధం, అప్పులు, ఇంటర్నెట్‌లో సొంతంగా టికెట్లు కొనుక్కునే ప్రయాణికుడు. అయితే 1974కూ 2019కీ మధ్య ఒక తేడా ఉంది. 2019లో టూరు కొన్నవాళ్ల డబ్బు వెనక్కి వచ్చింది. అందుకు వ్యవస్థ అప్పటికే సిద్ధంగా ఉంది. బ్రిటన్‌లో టూర్ల సంస్థలు ఒక్కో ప్రయాణికుడి తరఫున 2.50 పౌండ్లు రక్షణ నిధికి కడతాయి.

మనకూ ఈ అనుభవం కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు నిలిచిపోయినప్పుడు, ముందే టికెట్లు కొన్నవాళ్లు దివాలా ప్రక్రియలో క్లెయిములు పెట్టుకుని ఎదురుచూడాల్సి వచ్చింది. తెలుగు రాష్ట్రాల నుంచి కాశీ యాత్రకో, సింగపూర్‌కో ప్యాకేజీ కొనేవాళ్లలో చాలామంది ఏడాది పొదుపును నెలల ముందే ఒకరి చేతిలో పెడుతున్నారు. ప్రయాణం పూర్తయ్యేదాకా ఆ సొమ్ముకు పూచీ ఎవరిదని రాతపూర్వకంగా అడగండి. తలా కొద్ది రూపాయలతో చట్టబద్ధమైన రక్షణ నిధి ఒకటి మన దేశంలోనూ ఏర్పాటు చేయాలని పౌర విమానయాన శాఖను, మన ఎంపీలను కోరుతున్నాను. ఇంకో సంస్థ మూతపడకముందే ఆ పని జరగాలి.