మాంగనీసు అయాన్ల రంగులు

పరివర్తన లోహాల అయాన్లకు ద్రావణంలో రంగు ఎలా వస్తుందో, ఒక్కోసారి ఎందుకు రాదో మాంగనీసు ఒక్కటే దాదాపు పూర్తిగా చూపిస్తుంది. విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి, గరివిడి, గర్భాం, కోడూరు దీని ముడిఖనిజానికి పేరుపొందాయి. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్లలో ఈ ప్రాంతంలోనే మొదలైంది. భూవిజ్ఞాని లీ ఫెర్మర్ ఇక్కడి ఒక శిలకు కోడూరు పేరిట కోడురైట్ అని పేరుపెట్టాడు. భారత మాంగనీసు నిక్షేపాలపై ఆయన రాసిన బృహద్గ్రంథం 1909లో వెలువడింది.

ముడిఖనిజం నల్లగా ఉంటుంది. అందులోని మాంగనీసు డయాక్సైడ్‌ను కాస్టిక్ పొటాష్‌తో కలిపి, గాలి తగిలేలా వేడిచేస్తే ఆకుపచ్చని మాంగనేట్ వస్తుంది. దాన్ని ఇంకా ఆక్సీకరిస్తే బావినీటి శుద్ధికి వాడే ఊదారంగు పర్మాంగనేట్ తయారవుతుంది. ఆమ్లం కలిపిన ఆ ద్రావణంలో తగినంత ఫెర్రస్ లవణం వేస్తే ఊదారంగు మాయమవుతుంది. ఇన్ని రంగుల్లోనూ లోహం ఒకటే, మారింది ఎలక్ట్రాన్ల లెక్క.

ఒంటరి అయాన్‌లో అయిదు డి-ఆర్బిటాళ్ల శక్తి సమానం. చుట్టూ ఆరు నీటి అణువులు చేరగానే మూడు కిందికి, రెండు పైకి చీలుతాయి. కింది ఎలక్ట్రాన్ దృశ్యకాంతిలో కొంత పీల్చుకుని పైకి లేస్తుంది, మిగిలిన కాంతే మనకు కనిపించే రంగు. 1929లో హాన్స్ బెథె ప్రతిపాదించిన స్ఫటిక క్షేత్ర సిద్ధాంతపు సారం ఇదే. మైలుతుత్తం ద్రావణం ఎరుపును పీల్చుకుని నీలంగా కనిపిస్తుంది. అమ్మోనియా పోస్తే చీలిక పెరిగి ముదురు నీలమవుతుంది. జింకు అయాన్‌లో అయిదు ఆర్బిటాళ్లూ నిండి ఉంటాయి కాబట్టి రంగు లేదు.

రెండు ధనావేశాల మాంగనీసు అయాన్‌లో ఒక్కో ఆర్బిటాల్‌కు ఒక్కో ఎలక్ట్రాన్, అన్నిటి స్పిన్ ఒకే దిశలో ఉంటుంది. పైకి లేవాలంటే స్పిన్ తిరగాలి, క్వాంటం నియమాలు దానికి దాదాపు ఒప్పుకోవు. అందుకే దాని లేత గులాబీ ఛాయ గాఢ ద్రావణంలోనే కనబడుతుంది.

విద్యార్థులు తరచు తడబడేది పర్మాంగనేట్ దగ్గర. అందులో మాంగనీసుకు డి-ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు, కాబట్టి పై వివరణ వర్తించదు. ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ మాంగనీసు వైపు జరుగుతుంది, దీన్ని ఆవేశ బదిలీ అంటారు. దీనికి నియమాల అడ్డు లేదు. సుమారు 525 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని పీల్చుకోవడంలో పర్మాంగనేట్ శక్తి, రెండు ధనావేశాల మాంగనీసు అయాన్ శోషణ శక్తికి పదివేల రెట్లు మించి ఉంటుంది. కనుకనే పర్మాంగనేట్ టైట్రేషన్‌కు వేరే సూచిక అక్కర్లేదు, ఒక్క చుక్క ఎక్కువైనా ద్రావణం గులాబీగా మారుతుంది.